ఇసుకలో గీసిన నాలుగు గీతలు

వీధి మలుపులో కిరాణా కొట్టు నడిపే మనిషికి ధరలన్నీ నోటికే ఉంటాయి. కందిపప్పు కిలో ఎంతో, పావుకిలో ఎంతో, నిన్నటికీ ఇవాళ్టికీ బెల్లం ఎంత పెరిగిందో ఆయన ఎవరినీ అడగక్కర్లేదు. ఏ డబ్బా అడుగంటిందో, ఏ బస్తా ఇంకా మూతి విప్పలేదో కూర్చున్న చోటి నుంచే చెప్పగలడు. సరుకుల చీటీ చేతికిస్తే పొట్లాలు కడుతూనే మొత్తం కూడేస్తాడు. కొట్టంతా ఆయన తలలోనే ఉంటుంది.

ఆ కొట్టే పెరిగి పెరిగి వేల రకాల సరుకులతో పెళ్లి మండపమంత అయిందనుకోండి. రోజూ వందల మంది బుట్టలు పట్టుకుని లోపలికి వస్తున్నారనుకోండి. అప్పుడు ఏ ఒక్కరి తలా చాలదు. 20వ శతాబ్దం సగానికి వచ్చేసరికి అమెరికా సూపర్ మార్కెట్లకు ఎదురైన చిక్కు ఇదే. పనివాళ్లు ప్రతి డబ్బా మీదా, ప్రతి సీసా మీదా ధర ముద్ర వేసేవారు. గల్లా దగ్గరి అమ్మాయి ఒక్కో వస్తువునూ తిప్పి, ఆ ధర ఎక్కడుందో వెతికి, యంత్రం మీటల మీద కొట్టేది. వేలు తడబడితే ఒకసారి కొట్టుకు నష్టం, ఒకసారి కొన్నవారికి నష్టం. సాయంత్రమయ్యేసరికి ఆమె మణికట్టు నొప్పి, వరసలో నిలబడ్డవాళ్ల కాళ్లు నొప్పి. గిడ్డంగిలో ఏం మిగిలిందో తెలియాలంటే అప్పుడప్పుడూ తలుపులు మూసి, మనుషులు చేత్తో లెక్కపెట్టుకోవలసిందే.

ఈ చిక్కుకు యంత్రంతో విరుగుడు కనిపెట్టాలని మొదట ఆలోచించినవారిలో వాలెస్ ఫ్లింట్ ఒకరు. 1932లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుకుంటూ ఆయన ఒక సిద్ధాంత పత్రం రాశారు. కొనేవాళ్లు తమకు కావలసిన సరుకుల కోసం కార్డులకు చిల్లులు పెట్టి ఇస్తే, యంత్రం ఆ చిల్లుల్ని చదివి సరుకును తానే ముందుకు తెచ్చి, బిల్లు కట్టి, నిల్వ లెక్క కూడా రాసుకోవాలన్నది ఆయన ఊహ. ఊహ చక్కనిదే. కానీ అమెరికాలో అది మహామాంద్యం కాలం. తిండికే కటకటలాడుతున్న రోజుల్లో అంత ఖరీదైన యంత్రాలు ఎవరు పెడతారు? ఆ పత్రం అలమరలోకి వెళ్లింది. ఫ్లింట్ మాత్రం కిరాణా వ్యాపార ప్రపంచంలోనే ఉండిపోయారు. ఆయన పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది.

పదహారేళ్లు గడిచాయి. 1948లో ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి ఒక పెద్దమనిషి వచ్చారు. ఆయన ఫుడ్ ఫెయిర్ అనే సరుకుల దుకాణాల సంస్థకు అధ్యక్షుడు. గల్లా దగ్గర సరుకు వివరాన్ని దానంతట అదే పట్టుకునే పద్ధతి ఏదైనా మీ వాళ్లతో పరిశోధన చేయించండని కళాశాల డీన్‌ను ప్రాధేయపడ్డారు. డీన్ ఒప్పుకోలేదు. పెద్దమనిషి వెనుదిరిగారు. మామూలుగా అయితే కథ అక్కడితో ముగిసేది. కానీ ఆ మాటలు బెర్నార్డ్ సిల్వర్ అనే యువ విద్యార్థి చెవిన పడ్డాయి. తనకు సంబంధం లేని ఆ సంభాషణను విని ఊరుకోకుండా, మిత్రుడు నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్ దగ్గరికి వెళ్లి చెప్పాడు.

వుడ్‌లాండ్ అప్పటికే ఊరుకోలేని మనిషి. యుద్ధకాలంలో ఓక్ రిడ్జ్‌లో అణుబాంబు పథకంలో సాంకేతిక సహాయకుడిగా పనిచేసి వచ్చాడు. ఆ తర్వాత లిఫ్టుల్లో వినిపించే సంగీతాన్ని సినిమా రీలు మీద పదిహేను వరసలుగా ముద్రించే పద్ధతి ఒకటి తయారుచేసి వ్యాపారం పెడతానన్నాడు. వాళ్ల నాన్న కుదరదన్నాడు. లిఫ్టు సంగీతం వ్యాపారమంతా గూండాల చేతిలో ఉందని ఆయన నమ్మకం. కొడుకు తిరిగి చదువులో చేరాడు. ఆ పని ఆగిపోయినా, సినిమా రీలు మీద శబ్దం ఎలా కూర్చుంటుందన్న జ్ఞానం మాత్రం వుడ్‌లాండ్ తలలో నిలిచిపోయింది. అది ఎందుకు పనికొచ్చిందో కాసేపట్లో చూస్తాం.

మిత్రులిద్దరూ మొదట అతినీలలోహిత కాంతిలో మెరిసే సిరాతో ప్రయత్నించారు. సరుకు మీద ఆ సిరాతో గుర్తులు వేసి, దీపం కింద పెడితే యంత్రం చూస్తుందన్నమాట. చిన్న పరికరం కట్టి చూస్తే పనిచేసింది కూడా. కానీ సిరా వెలిసిపోయేది, ఖరీదేమో ఎక్కువ. పప్పు డబ్బా మీద వేసే గుర్తు పప్పు కంటే ప్రియమైతే కొట్టువాడికి గిట్టదు. ఆ దారి మూసుకుపోయింది.

వుడ్‌లాండ్ వదల్లేదు. ఈ ఆలోచన మీద అతనికి ఎంత గురి కుదిరిందంటే, డ్రెక్సెల్‌ను విడిచిపెట్టి, షేర్లలో వచ్చిన కాస్త డబ్బుతో మయామీ బీచ్‌లోని తాతగారి ఇంటికి వెళ్లి కూర్చున్నాడు. అది 1949 జనవరి. ఒకరోజు సముద్రపు ఒడ్డున కుర్చీ వేసుకుని ఆలోచిస్తున్నాడు. సరుకు వివరం గుర్తుగా మారాలంటే ఏదో ఒక లిపి కావాలి. తనకు తెలిసిన లిపి ఏది? చిన్నప్పుడు బాయ్‌స్కౌట్స్‌లో నేర్చుకున్న మోర్స్ కోడ్ ఒక్కటే. చుక్కలూ, గీతలూ. తంతి తీగల మీద ప్రపంచమంతా తిరిగిన లిపి.

ఆ ఆలోచనలోనే నాలుగు వేళ్లూ ఇసుకలో గుచ్చాడు. ఎందుకో తనకే తెలియదు, చేతిని మెల్లగా తనవైపు లాక్కున్నాడు. ఇసుకలో నాలుగు గీతలు పడ్డాయి. చుక్కలు సాగి సన్నని గీతలవుతాయి, మోర్స్ గీతలు సాగి లావుపాటి గీతలవుతాయి. అంటే చుక్కా గీతా అన్న తేడాను పొడవులో కాకుండా వెడల్పులో దాచవచ్చు! మరుక్షణంలో అవే వేళ్లను గుండ్రంగా తిప్పాడు. గీతలు వలయాలయ్యాయి. వలయమైతే సరుకును ఏ వైపు నుంచి పెట్టినా యంత్రం చదవగలదు.

మన ముందుతరాలు వీధిబడిలో ఇసుక పరచుకుని దాని మీదే ఓనమాలు దిద్దాయి. వస్తువులు యంత్రాలతో మాట్లాడే భాషకు కూడా మొదటి అక్షరం ఇసుకలోనే పడింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. ప్రయోగశాల లేదు, పరికరం లేదు. చిన్నప్పుడు ఆటగా నేర్చుకున్న విద్య ఒకటి, ఏమీ తోచని రోజు ఒకటి. ఆ రెండూ కలిశాయి.

లిపి దొరికింది. ఇక చదివే కన్ను కావాలి. వుడ్‌లాండ్ తన పాత సినిమా విద్యను బయటికి తీశాడు. పాత సినిమా రీళ్ల అంచున సన్నని పట్టీ ఒకటి ఉంటుంది. దాని గుండా వెలుగు పోతుంటే, పట్టీ చిక్కగా ఉన్నచోట తక్కువ, పలచగా ఉన్నచోట ఎక్కువ కాంతి అవతలికి వస్తుంది. ఆ హెచ్చుతగ్గులు విద్యుత్తుగా మారి, స్పీకర్లో మాటై పాటై వినిపిస్తాయి. వెలుగు హెచ్చుతగ్గులతో పాటనే వినగలిగినప్పుడు అంకెను వినలేమా? నలుపు గీత వెలుగును మింగేస్తుంది, తెల్ల ఖాళీ తిప్పికొడుతుంది. అంతే సూత్రం. 1949 అక్టోబర్ 20న మిత్రులిద్దరూ పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. 1952 అక్టోబర్ 7న అది మంజూరైంది.

మధ్యలో 1951లో వుడ్‌లాండ్ ఐబీఎంలో ఉద్యోగానికి చేరాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్‌టన్‌లో ఉన్న తన ఇంట్లోనే ఇద్దరూ కలిసి మొదటి యంత్రం కట్టారు. అది రాతబల్లంత ఉండేది. బయటి వెలుతురు చొరబడకుండా దానికి నల్లటి నూనెగుడ్డ చుట్టారు. లోపల 500 వాట్ల బల్బు. కాంతిని పట్టుకునే గొట్టం సినిమా శబ్ద పరికరాల్లో వాడే రకం. గీతలున్న కాగితాన్ని ముందుకు జరిపితే, విద్యుత్ హెచ్చుతగ్గులను చూపే ఆసిలోస్కోప్ తెర మీద వెలుగు గీత కదిలింది. యంత్రం చదివింది! అదే సమయంలో బల్బు వేడికి కాగితం పొగలు కక్కుతూ కమిలిపోవడం మొదలుపెట్టింది.

ఆ యంత్రానికి లేనివి రెండు. కాగితాన్ని కాల్చకుండా సూదిమొనలా చురుకుగా ఉండే వెలుగు ఒకటి. చదివిన దాన్ని అర్థం చేసుకుని ధర చెప్పే చవకైన, చిన్న కంప్యూటర్ రెండోది. 1952లో ఆ రెండూ లోకంలో లేవు. ఐబీఎం ఈ ఆలోచనను పరిశీలింపజేసి, బాగుంది గానీ దీనికి కావలసిన సాంకేతికత రావడానికి ఇంకా ఏళ్లు పడుతుందన్న నిర్ణయానికి వచ్చింది. పేటెంటు కొంటామని అడిగినా మిత్రులు కోరిన ధర ఇవ్వలేదు. చివరికి 1962లో ఫిల్కో అనే సంస్థ 15,000 డాలర్లకు కొనుక్కుంది. ఆ తర్వాత అది ఆర్‌సీఏ అనే మరో సంస్థ చేతికి వెళ్లింది. ఈ ఆవిష్కరణ వల్ల ఆ ఇద్దరికీ వచ్చిన సొమ్ము అంతే. మరుసటి ఏడాదే, 1963లో, బెర్నార్డ్ సిల్వర్ కన్నుమూశాడు. వయసు 38. డీన్ కాదన్న మాటను చెవిన వేసుకుని ఇంత కథకు మూలమైనవాడు, తన గీతల్ని ఏ దుకాణంలోనూ చూడకుండానే వెళ్లిపోయాడు.

వుడ్‌లాండ్ ఎదురుచూసిన వెలుగు మాత్రం అప్పటికే పుట్టింది. 1960 మే 16న కాలిఫోర్నియాలో థియోడర్ మైమన్ మొదటి లేజర్‌ను వెలిగించారు. ఆ ఏడాది డిసెంబరులో హీలియం, నియాన్ వాయువులతో ఎడతెగకుండా వెలిగే లేజర్ వచ్చింది. సన్నని వెలుగు, గీతల మీద సూదిలా పరుగెత్తగలదు, కాగితాన్ని కాల్చదు. కంప్యూటర్లు కూడా ఏడాదికేడాది చిన్నవవుతున్నాయి.

ఈలోగా గీతలు మరో దారి పట్టాయి. డేవిడ్ కాలిన్స్ అనే ఇంజినీరు సిల్వేనియా సంస్థలో పనిచేస్తూ, రైలు వ్యాగన్ల మీద రంగురంగుల మెరిసే పట్టీలు అంటించి, పట్టాల పక్కన నిలబెట్టిన యంత్రంతో చదివించాడు. ఏ వ్యాగన్ ఎక్కడుందో తెలియక తికమకపడే అమెరికా రైల్వేలు 1967లో ఆ పద్ధతిని అంగీకరించాయి. కానీ వ్యాగన్ అన్నాక దుమ్ము పడుతుంది, మసి పడుతుంది, మంచు పడుతుంది. ముఖం మురికైన పట్టీలను యంత్రం గుర్తుపట్టలేకపోయింది. కొన్నేళ్లకు రైల్వేలు ఆ పద్ధతిని వదిలేశాయి. కాలిన్స్ మాత్రం ఆలోపే చిన్న నలుపు తెలుపు గీతలు ప్రతి పరిశ్రమకూ పనికొస్తాయని గ్రహించాడు. దాని మీద పనిచేయడానికి యాజమాన్యం డబ్బివ్వకపోతే, 1968లో ఉద్యోగం వదిలి సొంత సంస్థ పెట్టుకున్నాడు. మరుసటి ఏడాదే అతని లేజర్ యంత్రాలు కర్మాగారాల్లోకి వెళ్లాయి.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించాలి. కర్మాగారం ఒకే యజమానిది. గీతలకు ఏ అర్థం పెట్టుకున్నా ఆయన ఇష్టం. సరుకుల దుకాణం అలా కాదు. సూప్ డబ్బా చేసేవాడు ఒకడు, సబ్బు చేసేవాడు ఇంకొకడు, అమ్మేవాళ్లు వేలమంది. ఒక్కో దుకాణం ఒక్కో రకం గీతలు అడిగితే తయారీదారు డబ్బా మీద ఎన్ని ముద్రలు వేస్తాడు? అందరూ ఒకే అంకెకు ఒప్పుకోవాలి. లేజరును వెలిగించడం కంటే ఇది కష్టమైన పని. 1969లో తయారీదారుల ప్రతినిధులూ, దుకాణాల ప్రతినిధులూ సిన్సినాటిలో సమావేశమయ్యారు. తయారీదారులు 11 అంకెలు కావాలన్నారు. వాళ్లకు పాత లెక్కల పద్ధతులు చెడకూడదు. దుకాణాలవాళ్లు 7 అంకెలు చాలన్నారు. వాళ్లకు యంత్రాల ఖర్చు పెరగకూడదు. ఎవరి పట్టు వారిదే. ఏమీ తేలకుండానే లేచి వెళ్లిపోయారు.

ఆ ప్రతిష్టంభనను విడగొట్టింది పెద్ద తలకాయలు ఒకచోట కూర్చోవడమే. 1970లో రెండు వర్గాల సంస్థల అధిపతులతో ఒక సంఘం ఏర్పడింది. టమాటా సాస్‌కు పేరుపడ్డ హైన్జ్ సంస్థ అధిపతి బర్ట్ గూకిన్ దానికి అధ్యక్షుడు. ఈ ప్రయత్నాన్ని వెనక ఉండి ప్రోత్సహించినవారిలో ఎవరున్నారో తెలుసా? 1932లో చిల్లుల కార్డుల పత్రం రాసిన వాలెస్ ఫ్లింటే. అప్పటికి ఆయన దుకాణాల సంఘంలో పెద్ద పదవి చేసి ఉన్నారు. చర్చోపచర్చల తర్వాత 10 అంకెల దగ్గర రాజీ కుదిరింది. అయిదు అంకెలు తయారీ సంస్థకు, అయిదు అంకెలు వస్తువుకు. ఇంటిపేరు, సొంతపేరు లాగా.

ధర ఆ అంకెలో లేదు. ఈ కథలో అసలైన తెలివి ఇదేనని నా అభిప్రాయం. గీతలు చెప్పేది వస్తువు పేరే. ధర దుకాణం కంప్యూటర్లో ఉంటుంది. పేరు మారదు కాబట్టి కర్మాగారంలోనే అచ్చువేయవచ్చు. ధర మారుతుంది కాబట్టి దుకాణంలోనే ఉంచుకోవచ్చు. ఒక్కసారి కంప్యూటర్లో అంకె మారిస్తే చాలు, వెయ్యి డబ్బాల మీద ముద్ర చెరిపి మళ్లీ వేయనక్కర్లేదు.

అంకె కుదిరాక గీతల ఆకారం మీద పోటీ మొదలైంది. ఆర్‌సీఏ వుడ్‌లాండ్ వలయాలను ముందుకు తెచ్చింది. 1971లో కిరాణా వ్యాపారుల సమావేశంలో ఆ వలయాలున్న గుండ్రటి రేకు ముక్కలు పంచి, ఎవరి రేకు మీద సరైన అంకె ఉంటే వాళ్లకు బహుమతి అంటూ ప్రదర్శన పెడితే జనం ఎగబడ్డారు. ఆ గుంపును ఐబీఎం మనుషులు చూశారు. ఇంత పెద్ద బేరం చేజారిపోతుందేమోనన్న ఆందోళన వాళ్లకు పట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ వలయాలను కనిపెట్టిన మనిషి ఇరవై ఏళ్లుగా తమ దగ్గరే ఉద్యోగం చేస్తున్నాడని! వుడ్‌లాండ్‌ను నార్త్ కరోలినాలో ఈ పని చేస్తున్న బృందంలోకి పంపారు.

ఆ బృందంలోనే జార్జ్ లారర్ ఉన్నాడు. చిన్నతనంలో పోలియో బారినపడి కోలుకున్న మనిషి. హైస్కూలు పూర్తికాకముందే సైన్యానికి పిలుపు వచ్చింది. తిరిగొచ్చాక రేడియో, టీవీల మరమ్మతు నేర్చుకుంటుంటే, నీ తెలివికి ఇది చాలదు, కాలేజీలో చేరమని ఒక ఉపాధ్యాయుడు పట్టుబట్టాడు. చదివి, 1951లో ఐబీఎంలో చేరాడు. అంటే వుడ్‌లాండ్ చేరిన ఏడాదే. వలయాల పద్ధతినే సమర్థిస్తూ నివేదిక తయారుచేయమని లారర్‌కు పై అధికారులు అప్పగించారు. ఆయన దాన్ని పరీక్షించి చూశాడు. మనసొప్పలేదు.

ఎందుకంటే అచ్చు యంత్రంలో కాగితం జోరుగా ఒకవైపు పరుగెడుతుంది. ఆ పరుగులో సిరా కొద్దిగా సాగుతుంది. వలయం మీద సిరా సాగితే ఒక పక్క గీతలు లావెక్కి పక్క గీతలో కలిసిపోతాయి. యంత్రం తప్పు చదువుతుంది. అదే నిలువు గీతలైతే? కాగితం పరుగెత్తే దిశలోనే గీతల్ని నిలబెడితే, సాగిన సిరా గీతను కాస్త పొడవు చేస్తుంది తప్ప లావు చేయదు. వెడల్పు చెక్కుచెదరదు. చదవాల్సింది వెడల్పునే. వుడ్‌లాండ్ ఇసుకలో మొదట గీసినవి ఇవే తిన్నని గీతలు. ఆ తర్వాతే వాటిని గుండ్రంగా తిప్పాడు. ఇరవై ఏళ్ల తర్వాత లారర్ వాటిని మళ్లీ తిన్నగా చేశాడు.

కానీ వలయానికున్న మంచి గుణం పోకూడదు కదా. సరుకును అటు తిప్పి పెట్టినా, తలకిందులుగా పెట్టినా యంత్రం చదవాలి. లారర్ గుర్తును నడిమికి రెండు భాగాలు చేశాడు. ఎడమ సగంలో అంకెలకు ఒక రకం గీతలు, కుడి సగంలో వాటికి సరిగ్గా నలుపు తెలుపులు తారుమారైన గీతలు. కాబట్టి ఏ పక్క నుంచి మొదలుపెట్టిందో యంత్రానికి తెలుస్తుంది. బల్ల కింది నుంచి వచ్చే లేజరు కిరణం ఒకదాన్నొకటి దాటే రెండు గీతలుగా, గుణకారం గుర్తులా తిరుగుతుంది. సరుకు ఏ వంకరలో వచ్చినా ఆ రెండిట్లో ఏదో ఒకటి ప్రతి సగాన్నీ కొస నుంచి కొస దాకా దాటుతుంది. రెండు సగాలను కంప్యూటర్ కలిపేసుకుంటుంది. చివర తప్పు పట్టే అంకె ఒకటి, ముందు రకం చెప్పే అంకె ఒకటి చేర్చి మొత్తం 12 అంకెలు చేశాడు. గుర్తు ఒకటిన్నర చదరపు అంగుళాలు దాటకూడదు, 20,000 సార్లు చదివితే పట్టుబడని తప్పు ఒక్కటి కూడా రాకూడదు. సంఘం పెట్టిన నిబంధనలు అవి. లారర్ గుర్తు వాటికి సరిపోయింది.

అధికారుల ముందు ప్రదర్శన రోజున ఆయన ఒక ముచ్చటైన ఏర్పాటు చేశాడు. బంతి విసరడంలో ఆరితేరిన సాఫ్ట్‌బాల్ ఆటగాణ్ని పిలిపించి, అడుగున గీతలంటించిన చిన్న సంచి లాంటి యాష్‌ట్రేలను స్కానర్ మీదుగా శక్తికొద్దీ విసరమన్నాడు. గాల్లో దూసుకుపోతున్న ప్రతిదాన్నీ యంత్రం తప్పు లేకుండా చదివింది. ఇక మాట్లాడేవాళ్లు లేరు.

వలయాలకు కూడా న్యాయమైన అవకాశమే దక్కింది. 1972 జూలై 3 నుంచి సిన్సినాటిలోని క్రోగర్ దుకాణంలో ఆర్‌సీఏ వాటిని ఏడాదిన్నర పాటు పరీక్షించింది. వరస చురుగ్గా కదిలింది, అమ్మకాలు పెరిగాయి. కానీ అచ్చులో సిరా అలుక్కుపోవడమన్న జబ్బు తగ్గలేదు. 1973 ఏప్రిల్ 3న అలన్ హేబర్‌మన్ అధ్యక్షతన గుర్తును ఎంపిక చేసే సంఘం తన నిర్ణయం ప్రకటించింది. ఐబీఎం వారి నిలువు గీతలు గెలిచాయి. ఆ గుర్తుకు యూపీసీ అని పేరు. ఎవరైనా వాడుకోవచ్చు. లారర్‌కు దాని మీద రాయల్టీ ఒక్క సెంటు కూడా రాలేదు.

ఇక మిగిలింది నిజమైన దుకాణంలో, నిజమైన బేరం. ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే చిన్న ఊళ్లో మార్ష్ సూపర్ మార్కెట్‌ను ఎంచుకున్నారు. గల్లా యంత్రాలు చేసే ఎన్‌సీఆర్ సంస్థ ఆ పక్కనే డేటన్‌లో ఉండేది. ముందు రోజు రాత్రంతా సిబ్బంది వందల సరుకులకు గీతల కాగితాలు అంటించారు. 1974 జూన్ 26 ఉదయం 8 గంటల 1 నిమిషం. మార్ష్ సంస్థలోనే పరిశోధన విభాగం చూసే క్లైడ్ డాసన్ బుట్టలోంచి పది పొట్లాల రిగ్లీ జ్యూసీ ఫ్రూట్ చూయింగ్ గమ్ కట్ట తీసి ఇచ్చారు. క్యాషియర్ షారన్ బుకానన్ దాన్ని గాజు పలక మీదుగా జరిపారు. 67 సెంట్లు అని గల్లా యంత్రం చెప్పింది. అంత చిన్న వస్తువు మీద గీతలు సరిగా అచ్చవుతాయా అన్న అనుమానం అప్పట్లో చాలామందికి ఉండేది. దానికి జవాబు ఆ ఉదయం దొరికింది. ఇసుకలో వేళ్లు పెట్టిన రోజు నుంచి గల్లా యంత్రం ఆ ధర చెప్పేదాకా పాతికేళ్లు పట్టింది.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగిందనుకుంటే పొరపాటు. సరుకుల మీద గీతలు లేనిదే దుకాణాలు స్కానర్లు కొనవు. స్కానర్లు లేనిదే తయారీదారులు గీతలు వేయరు. కొన్నేళ్లు ఈ ముడి బిగుసుకునే ఉంది. అంతకంటే గట్టి అభ్యంతరం కొనేవాళ్ల నుంచి వచ్చింది. డబ్బా మీద ధర ముద్ర లేకపోతే, కంప్యూటర్ మా దగ్గర ఎంత లాగుతోందో మాకెలా తెలుస్తుందని వాళ్లు అడిగారు. ఉద్యోగాలు పోతాయేమోనని కార్మిక సంఘాలు కూడా గొంతు కలిపాయి. కొన్ని రాష్ట్రాలు ప్రతి వస్తువు మీదా ధర ఉండాల్సిందేనని చట్టాలు చేశాయి. ఆ భయాన్ని వెర్రి భయమని నేను అనలేను. ధర కనబడకుండా కొనమనడం అన్యాయమే. మన దేశంలో పొట్లం మీద ఎంఆర్‌పీ అచ్చువేయడం చట్టం కాబట్టి ఆ ఇబ్బంది మనకు చాలావరకు లేకుండా పోయింది.

1980ల్లో పెద్ద దుకాణాల గొలుసులు ఈ పద్ధతిలోకి రావడంతో ముడి వీడింది. ఐరోపా దేశాలు 1977లోనే బ్రస్సెల్స్ కేంద్రంగా తమ సంఘం పెట్టుకుని, లారర్ గీతలకే ముందు మరో అంకెను చేర్చి పదమూడు చేశాయి. గీతల వెడల్పు పెరగకుండా ఆ అంకె ఎక్కడ ఇమిడిందనుకుంటున్నారు? ఎడమ సగంలోని ఆరు అంకెలను గీసే తీరులోని తేడాలో దాన్ని దాచారు. గీతల్లో దానికంటూ వేరే చోటు లేదు. మన దేశంలో ఈ అంకెలు కేటాయించే సంస్థ 1996లో ఏర్పడింది. మనకు వచ్చిన తొలి అంకెలు 890.

వీటి గురించి ఒక అపోహ బలంగా ఉంది. 890తో మొదలైతే భారత్‌లో తయారైన సరుకని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. ఆ కంపెనీ తన అంకెను భారత సంస్థ దగ్గర నమోదు చేసుకుందని మాత్రమే దానర్థం. సరుకు ఎక్కడ తయారైందో తెలియాలంటే పొట్లం మీది అక్షరాలు చదవాల్సిందే. తెలుగు పుస్తకాల అట్ట వెనక కనిపించే 978 ఏ దేశానికీ చెందదు. అది పుస్తకాలకు కేటాయించిన అంకె. సూపర్ మార్కెట్లో వంకాయలు తూచి అంటించే కాగితం మీది అంకె సాధారణంగా 2తో మొదలవుతుంది. అది ఆ దుకాణం తన లోపలి వాడకానికి పెట్టుకున్నది, పక్క దుకాణంలో దానికి అర్థం ఉండదు.

వుడ్‌లాండ్‌కు 1992లో అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా జాతీయ సాంకేతిక పతకం అందింది. 2012 డిసెంబరులో 91 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. 2019 డిసెంబరులో లారర్ వెళ్లిపోయారు, 94 ఏళ్లు. ఇప్పుడు చతురస్రపు క్యూఆర్ గుర్తులు ఈ గీతల పక్కన చేరుతున్నాయి. 2027 చివరికల్లా గల్లా యంత్రాలు వాటినీ చదివేలా సిద్ధం చేయాలని ఈ అంకెల వ్యవహారం చూసే ప్రపంచ సంస్థ జీఎస్1 కృషి చేస్తోంది. గుర్తు ఆకారం మారినా దానిలో ఉండేది అదే అంకె.

గీతల కింద అంకెలు ఎందుకు అచ్చువేస్తారో ఇప్పుడు చెప్పనక్కర్లేదనుకుంటాను. పాల ప్యాకెట్టు తడిసి, చిప్స్ పొట్లం నలిగి, యంత్రం చదవలేనప్పుడు మనిషి చదివి కొట్టడానికి. గల్లా దగ్గరి అమ్మాయి తొందరలో ఒక అంకె తప్పు కొడితే పట్టుకునేది చివరి అంకె. ఆ లెక్క ఇంట్లో పిల్లలతో చేయించండి. లెక్క కోసం వరసగా రాసిన 8901234567890 అనే అంకెను తీసుకుందాం. చివరి అంకెను పక్కన పెట్టండి. ఎడమ నుంచి ఒకటో, మూడో, అయిదో ఇలా బేసి స్థానాల్లోవి కూడితే 28. సరి స్థానాల్లోవి కూడితే 34, దాన్ని మూడుతో హెచ్చవేస్తే 102. రెండూ కలిపితే 130. దాన్ని సున్నాతో ముగిసే సంఖ్యకు చేర్చడానికి ఇంకెంత కావాలి? సున్నా. చివరి అంకె సున్నానే. వంటింట్లోంచి ఏదైనా 13 అంకెల పొట్లం తెచ్చి, పిల్లల చేతికి కాగితం, పెన్సిలు ఇవ్వండి. పదమూడో అంకె కలిసి తీరాలి. కలవకపోతే ఎక్కడో కూడిక తప్పింది, మళ్లీ చేయమనండి.